సబ్బుపెట్టెకు చీకటి పరీక్ష

ఆ వేళ పొద్దున్న రవిబాబు అనుకున్నది చాలా చిన్న పని. జీపెక్కి పనసగుడ వెళ్లాలి. చేతికొచ్చిన చిన్న కెమెరా రంగులు ఎలా పడుతుందో, చీకట్లో ఎంతవరకూ చూడగలదో నాలుగు ఫోటోలు తీసి తేల్చుకోవాలి. భోజనం వేళకి అరకు తిరిగొచ్చెయ్యాలి. పెళ్లి మర్నాడు. ఇంత మాత్రం పనికి ఒక ఊరు ఊరంతా వాకిట్లో నిలబడి ఏడుస్తుందని అతనికి కలలో కూడా తోచలేదు.

అరకులో అతనికో ఫోటో స్టూడియో ఉంది. మొన్నటిదాకా పెద్ద కెమెరా కూడా ఉండేది. జలపాతం దగ్గర ఒక పెళ్లికొడుకు బండ మీంచి బండ మీదికి గెంతుతాను, తియ్యమని ముచ్చటపడ్డాడు. పెళ్లికొడుకు క్షేమంగానే గెంతాడు. అతన్ని తీస్తూ వెనక్కి నడిచిన రవిబాబే జారాడు. మనిషికి మోచెయ్యి గీరుకుంది, కెమెరా కడుపునిండా నీళ్లు తాగింది. అది ఇప్పుడు విశాఖలో రిపేరు కొట్లో మంచం పట్టి ఉంది. మిగిలింది అతని భార్య స్వర్ణకి పిన్నికూతురయ్యే పిల్ల మోజుపడి కొనుక్కుని, మోజు తీరి వదిలేసిపోయిన బుల్లి డిజిటల్ కెమెరా.

"ఏటండీ, ఈ సబ్బుపెట్టెతో పెళ్లి తీత్తారా? జనం నవ్వుతారు" అంది స్వర్ణ.

"నవ్వితే మంచిదే. ఫోటోల్లో నవ్వుమొకాలు పడతాయి" అన్నాడు రవిబాబు, గుండెల్లో దడ పైకి తెలియకుండా.

దడ చర్చిలో పెళ్లి గురించి కాదు. చర్చికి కిటికీలున్నాయి, ఎలాగో గట్టెక్కుతుంది. అతని ప్రాణమంతా ఒక్క ఫోటో మీద ఉంది. పెళ్లికూతురు సుజానా పనసగుడ తోమా కూతురు, పాడేరులో నర్సు. ఫోటోల సంగతి మాట్లాడుకోవడానికి వచ్చినప్పుడు ఒకే ఒక్కటి అడిగింది.

"అన్నయ్యా, మిగతావి ఎలగొచ్చినా పర్లేదు. మా మామ్మతో పొయ్యి దగ్గిర ఒక్కటి మాత్రం బాగా రావాల. ఇంతవరకూ మా మామ్మ ఫోటో ఒక్కటీ మనిషిలాగ రాలేదు. ఆధార్ కార్డులో సూస్తే బొగ్గుల బస్తాలాగుంటాది."

ఆ ఇంట్లో ఆడపిల్ల అత్తవారింటికి కదిలే ముందు పొయ్యి దగ్గర ఇంటి పెద్దావిడ చేతి అంబలి తాగి గడప దాటాలి. సుజానాకి కావలసింది ఆ అంబలి ఫోటో. పొయ్యి ఉన్న గదికి కిటికీ లేదు. పట్టపగలు కూడా చెయ్యి చాచి తడుముకోవలసిందే. ఫ్లాష్ కొడదామంటే మామ్మ సవరమ్మకి కంటిపొర తీసి ఎన్నాళ్లో కాలేదు, కళ్లలోకి వెలుగు కొట్టకూడదన్నారు. అయినా రవిబాబు మాటిచ్చేశాడు. ఇచ్చిననాడు అతని దగ్గర పెద్ద కెమెరా ఉంది.

రంగుల బెంగ ఇంకోటి. పోయిన వేసవిలో నెమలికంఠం రంగు చీరొకటి అతని ఆల్బంలో ఉత్తి నీలంగా పడింది. పెట్టిన చీర వేరు, కట్టిన చీర వేరని ఆ రెండు కుటుంబాలవాళ్లూ ఇప్పటికీ పలకరించుకోరు.

డుంబ్రిగుడ దాటి జీపు దిగేసరికి మంచు విడుతోంది. నవంబరు నెల. కొండవాలు వాలంతా వలిసె పూచి ఉంది. వలిసె పూల పసుపు చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు, చూడనివాళ్లకి చెప్పినా తెలియదు. పుట్టి పెరిగింది ఇక్కడే అయినా ఏటా ఈ రోజుల్లో రవిబాబు కాళ్లు వాటంతటవే ఆగిపోతాయి. ఆ రోజూ ఆగాయి. సబ్బుపెట్టెని పైకెత్తి ఒక్కటి నొక్కాడు. వెనక బుల్లి తెర మీద పసుపు పసుపుగానే, మట్టి ఎరుపు మట్టి ఎరుపుగానే పడ్డాయి. అతను కెమెరా వంక చూశాడు, కొండ వంక చూశాడు, ఇద్దరికీ మనసులో దణ్ణం పెట్టుకుని ఊళ్లోకి నడిచాడు.

రవిబాబుకి ఒక అలవాటుంది. ఏదైనా పరీక్షిస్తున్నప్పుడు తీర్పు మనసులో ఉంచుకోడు, పైకి అనేస్తాడు. ఊరి మొదట్లోనే అప్పన్న కిరాణా కొట్టు. కొట్టు ముందు ఎర్రటి ప్లాస్టిక్ బకెట్లు, తళతళలాడే కొత్త చీరలు వేలాడుతున్నాయి. తీసి చూస్తే ఎరుపు పాలపొంగులా పొంగి పక్కవాటిమీద పడింది. "కొత్త సరుకు ఫెయిల్" అన్నాడు రవిబాబు. పక్క దడి మీద ఉతికి ఉతికి వెలిసిన పాతచీర ఆరేసి ఉంది. దాన్ని తీస్తే పోగు పోగూ విడివిడిగా వచ్చింది. "ఇదీ రంగంటే. పాతబట్ట పాస్."

తర్వాత ఒక ఇంట్లోకి తొంగిచూశాడు. లోపల బల్బు వెలుగుతోంది. ఫోటోలో గోడలకి, గిన్నెలకి, మనుషులకి పసుపు రాసినట్టయింది. "బల్బున్న ఇల్లు ఫెయిల్." దాని పక్కింటికి కరెంటు తీగె రాలేదు. ఉన్నది గుమ్మంలోంచి పడే వెలుతురొక్కటే. అటక కింద మూల పిల్లి పడుకుంది. నమ్మకం లేకుండానే నొక్కి చూసుకున్నాడు, రెప్ప వెయ్యడం మరిచిపోయాడు. కుండ, చేట, పిల్లి, పిల్లి మీసాలు. పెద్ద కెమెరా కూడా ఆ మీసాలు పట్టేది కాదు.

"చీకటిల్లు ఫస్టు క్లాసులో పాస్" అని ఇంటావిడ వైపు తిరిగాడు. "అమ్మా, దీనికంటే సీకటిల్లు ఊళ్లో ఇంకేదైనా ఉందా?"

కొట్టు దగ్గర్నుంచీ వెంటే వచ్చి, ఆవిడ వెనక నిలబడి అన్నీ వింటున్నవాడు అప్పన్న.

అప్పన్న మైదానం మనిషి. చోడవరం వైపు నుంచి కొట్టు పెట్టుకుందామని వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఊరికి ఏ పథకం రావాలన్నా తన కొట్టు మీదుగానే రావాలని అతని నమ్మకం. అతన్ననడానికీ లేదు. పనసగుడలో ఫోటో అంటే పెళ్లి ఒక్కటే కాదు. మరుగుదొడ్డి ముందు నిలబెట్టి ఫోటో, మొక్క చేతికిచ్చి ఫోటో, లేని ఇంటి పునాది మీద కూర్చోబెట్టి ఫోటో. ఎవరైనా ఇంట్లోకొచ్చి ఫోటో తీశారంటే ఏదో రాబోతోందని లెక్క. ఇంతవరకూ ఏదీ రాకపోయినా లెక్క మాత్రం మారలేదు.

"ఏటి బాబూ, ఇళ్లు తీత్తన్నారు?" అన్నాడు అప్పన్న మెల్లగా.

రవిబాబుకి పెళ్లి సబ్బుపెట్టెతో తీస్తున్నాననడం నామోషీ అయింది. "ఏటీ లేదు, ఊరికే సూత్తన్నాను. ఇప్పుడే ఎవరికీ సెప్పకండి" అని వలిసె చేల వైపు వెళ్లిపోయాడు.

చెప్పొద్దన్న మాట అప్పన్న చెవిలో పడితే ఇంకేముంది, టముకు వేసినట్టే. అరగంటలో ఊరికి సంగతి తెలిసింది. ఇళ్ల పథకం వస్తోంది. కరెంటున్నోళ్లు ఫెయిలు, కొత్తబట్టలోళ్లు ఫెయిలు. చీకట్లో, పాతల్లో ఉన్నోళ్లకి ఫస్టు క్లాసు.

పెళ్లికూతురు తండ్రి తోమా డుంబ్రిగుడ సంత నుంచి బియ్యం, కూరగాయలు తీసుకుని అప్పుడే వచ్చాడు. విని నవ్వేశాడు.

"అతను మన పెళ్లికి ఫోటోలు తీసే రవిబాబు గదా అప్పన్నా."

"అదే నానూ అంతన్నాను. ఇప్పుడు స్టూడియోవోళ్లకే కాంట్రాక్టులిత్తన్నారు. పెద్ద కెమెరా ఏదీ మరి? గొడుగులు, లైట్లు ఏవీ? అంత చిన్నది తెచ్చినాడంటే అది గవర్నమెంటు సరుకే."

పందిరి, లైట్లు అన్నీ దించెయ్యమన్నాడు అప్పన్న. తోమా పెళ్లిపందిరి విప్పనన్నాడు. "నీ ఒక్కడి పందిరి కోసం ఊరందరి ఇళ్లూ పోతాయి, సూసుకో" అన్నాడు అప్పన్న. ఇరుగుపొరుగు కూడా ఏమీ అనకుండా తోమా వైపు చూశారు. మాటంటే తిరిగి అనొచ్చు, ఊరకే చూస్తే ఏం చేస్తాం? తోమా నిచ్చెన తెచ్చుకున్నాడు.

ఆ తర్వాత జరిగింది చూసి తీరాలి. రంగుకాయితాల తోరణాలు దిగాయి, సీరియల్ లైట్లు చుట్టలు చుట్టుకుని గాదెలోకి పోయాయి. బల్బులన్నీ ఊడి బియ్యంలో దాక్కున్నాయి. టీవీలు గడ్డివాముల్లో దూరాయి. మోటారు సైకిళ్లు కాఫీ మొక్కల్లోకి నడిచిపోయాయి. పెళ్లికని కట్టుకున్న కొత్త చీరలు విప్పేసి ఆడవాళ్లు అడుగునున్న చిరుగులు తీసి కట్టారు. అప్పన్న తన ఎర్ర బకెట్లకి గోనె కప్పాడు. లోపల్నుంచి సుజానా, "అయ్యా, బల్బెందుకు పీకుతున్నావు?" అని అడిగితే, "ఒక్క పూట ఓర్సుకోయే గుంటా" అన్నాడు తోమా, ఆ పిల్ల ముఖం చూడకుండా.

ఇదంతా జరుగుతుండగా రవిబాబు కాఫీ తోటలో ఉన్నాడు. మిరియం తీగెల నీడలో ఎర్రటి కాఫీ పళ్లని తీశాడు, పచ్చివి తీశాడు, ఆకు మీద నీటిబొట్టుని తీశాడు. ప్రతిసారీ తెరలో చూసుకుని పిల్లాడిలా మురిసిపోయాడు. కడుపులో ఆకలి మాట కూడా మరిచాడు. చెట్టుకి చేరగిలబడి కాస్త కళ్లు మూశాడు. తెరిచేసరికి పొద్దు వాలింది.

గబగబా కిందికి దిగి ఊరి మొదట్లో ఒక ఫోటో తీశాడు. తెర మీద అంతా బూడిదరంగు. ఇంకోటి తీశాడు, అదీ అంతే. పొద్దున్నంతా అంత బాగా పట్టిన రంగులు ఎక్కడికి పోయాయి? చొక్కా అంచుతో అద్దం తుడిచాడు. అరచేత్తో తట్టాడు. ఆశ వదులుకుని తలెత్తి చూస్తే ఊరు కూడా అలాగే ఉంది.

పందిరి లేదు. రంగుకాయితం ముక్క లేదు. మనుషులంతా చిరుగుల బట్టల్లో వాకిళ్లలో నిలబడి, అతన్ని చూసి వినయంగా తలలు వంచుకున్నారు. రవిబాబుకి అర్థమయ్యేలోపే మలుపులో జీపు హారన్ వినిపించింది. పెళ్లికొడుకు తరఫువాళ్లు ముందురోజు సాయంత్రం పెళ్లిచీర, పళ్లు తెచ్చి పెళ్లికూతురికిచ్చి, కలిసి భోంచేసి వెళ్లడం ఆనవాయితీ.

జీపులోంచి ముందు పెళ్లికొడుకు ఎడ్విన్ తల్లి దిగింది. పాటలతో ఎదురొస్తారనుకుంది. చూస్తే పందిరి పీకేసిన గుంజలు, దీపం లేని ఇల్లు, ముతక బట్టల్లో మూగిన జనం. ఆవిడ మనసు తిన్నగా సవరమ్మ మీదికి పోయింది. పెద్దప్రాణం, పైగా కంటి ఆపరేషన్. అంతే, చీర పళ్లెం జీపులోనే వదిలేసి, కొంగు నోటికడ్డం పెట్టుకుని గొల్లుమంది.

ఆ కొండల్లో ఒక మర్యాద ఉంది. ఏడుస్తూ వచ్చినవాళ్లని సంగతేమిటని ముందు అడగరు. ముందు వాళ్లతో కలిసి ఏడుస్తారు, తర్వాత అడుగుతారు. పనసగుడ ఆడవాళ్లు వియ్యపురాలి ఏడుపు చూసి, పెళ్లికొడుక్కే ఏదో అయిందనుకున్నారు. ఆవిడని పట్టుకుని వాళ్లూ ఎత్తుకున్నారు. ఆ ఏడుపు విని జీపులోవాళ్లకి అనుమానం తీరిపోయి, వాళ్లూ దిగి అందుకున్నారు. తోమా ఏడ్చాడు. అప్పన్న ఎవరికోసమో తెలియకుండానే అందరికంటే గట్టిగా ఏడ్చాడు. వెనక బండి మీద వస్తున్న ఎడ్విన్ ఈ గోల విని, సుజానాకేదో అయిందని బండి అక్కడే పడేసి పరుగెత్తుకొచ్చాడు. ఎదురుగా ప్రాణాలతో ఉన్న అతన్ని చూసి ఊరి ఆడవాళ్లకి ఏడుపు గొంతులో అడ్డంపడింది.

సరిగ్గా అప్పుడు ఇంట్లోంచి నల్లద్దాలు పెట్టుకుని, మనవరాలి భుజం పట్టుకుని సవరమ్మ గుమ్మంలోకొచ్చింది.

"ఎవరు పోయినారే?"

ఎడ్విన్ తల్లి నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

"నాకోసమేనా తల్లీ?" అంది సవరమ్మ. "బాగానే ఏడిసినావు."

ఇక సంగతి బయటపడక తప్పలేదు. అప్పన్న పథకం గురించి చెప్పాడు, పాస్ ఫెయిల్ గురించి చెప్పాడు, గవర్నమెంటు కెమెరా గురించి చెప్పాడు. చెప్పినకొద్దీ అతని గొంతు తగ్గిపోయింది. అందరి కళ్లూ రవిబాబు మీదికి తిరిగాయి. రవిబాబుకి నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది.

"పాస్ ఫెయిల్ మీ ఇళ్లకి కాదు. దీనికి" అన్నాడు సబ్బుపెట్టె చూపిస్తూ. "నా పెద్ద కెమెరా నీళ్లలో పడిపోయింది. ఇది రేపు పనికొత్తాదో రాదోనని సూసుకున్నాను. పథకం లేదు, ఏటీ లేదు."

ఎడ్విన్ తల్లికి ఇప్పుడు వేరే పట్టుదల వచ్చింది. ఏడుపు పడ్డ వాకిట్లో పెళ్లిచీర ఇవ్వకూడదంది. జీపెక్కి కూర్చుని పళ్లెం ఒళ్లో పెట్టుకుంది. తోమా చేతులు జోడించాడు. "వదినమ్మా, తప్పు మాదే" అన్నాడు. ఆవిడ దిగలేదు.

"ఏడుపు పడింది వాకిట్ల గదా" అంది సవరమ్మ గుమ్మంలోంచి. "పొయ్యి దగ్గిర పడనేదు. లోపలికి రా తల్లీ, సలి."

ఎడ్విన్ తల్లి పళ్లెం పట్టుకుని లేచింది. దిగి వచ్చింది. ఆవిడ వెనకే వీలైనంతమంది లోపలికి దూరారు. కానివాళ్లు గుమ్మంలో మెడలు చాచారు.

పొయ్యిలో రెండు కట్టెలు ఎర్రగా కాలుతున్నాయి. తక్కినదంతా చీకటి. తోమా బియ్యంలో బల్బు వెతకబోయాడు.

"బల్బొద్దు తోమా బాబూ" అన్నాడు రవిబాబు. "బల్బుంటే నా కెమెరా ఫెయిలు."

అప్పన్న గుమ్మంలోంచి ఆ మాట విని తల పట్టుకున్నాడు.

ఎడ్విన్ తల్లి పళ్లెం మీది గుడ్డ తీసి, చీర సుజానా భుజాల మీద కప్పింది. నెమలికంఠం రంగు. ప్రపంచంలో ఇన్ని రంగులుండగా ఇదే కొనాలా అని రవిబాబుకి చెమట పట్టింది. రేపటి అంబలి ఇప్పుడే తాగించేస్తానంది సవరమ్మ. సుజానా పొయ్యి ముందు కూర్చుంది. సవరమ్మ చిప్పలో అంబలి పోసి మనవరాలి నోటికి అందించింది. రవిబాబు రోలు బోర్లించి దానిమీద కెమెరా పెట్టాడు. చీకట్లో కెమెరా కన్ను కొంచెంసేపు తెరుచుకునే ఉండాలి, ఎవరు కదిలినా చెదిరిపోతుంది.

"అందరూ ఊపిరి బిగబట్టండి" అన్నాడు.

అంతసేపు గుండెలు బాదుకుని ఏడ్చిన ఆ జనమే ఊపిరి బిగబట్టారు. కట్టె చిటపటమన్న చప్పుడు తప్ప ఏమీ లేదు. కెమెరా టిక్కుమంది.

తెర మీద బొమ్మ వెలిగింది. రవిబాబు చూశాడు. చూసి, పక్కవాళ్ల చేతికిచ్చేశాడు. జీవితంలో మొదటిసారి అతను పాస్ అనలేదు, ఫెయిల్ అనలేదు. కెమెరా ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి పోయింది, చూసిన ప్రతి ముఖం మీదా చిన్న వెలుగు పడి పక్కకి జరిగింది. మనుషుల కళ్లకి నల్లగా కనిపించే గది అందులో బంగారంలా ఉంది. దూలం, దూలానికి వేలాడే మొక్కజొన్న కంకులు, చిప్ప అంచున అంబలి బొట్టు, సుజానా కళ్లలో నీళ్లు. చీర నీలం కాలేదు, పచ్చ కాలేదు, మెడ తిప్పిన నెమలిలా రెండూ అయింది. ఇంత అందం ఈ చీకట్లో ఇన్నాళ్లూ ఎక్కడుందని ఎవరికివాళ్లే విస్తుపోయారు. ఎడ్విన్ తల్లి ఫోటోకేసి చూసి, చీరకేసి చూసి, "నేను కొన్నప్పుడు కూడా ఇంత బాలేదు" అంది.

ఆఖరికి కెమెరా సవరమ్మ చేతికి వచ్చింది. ఆమె నల్లద్దాలు తీసింది. తెరని ముఖం దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూసింది.

"మా యమ్మ" అంది సవరమ్మ.

ఎవరికీ అర్థం కాలేదు.

"మా యమ్మని ఎప్పుడు తీసినావు బాబూ? అప్పట్ల ఇలాంటి డబ్బాలు లేవు గదా."

"మామ్మా, అది నువ్వే" అంది సుజానా.

సవరమ్మ తల అడ్డంగా ఊపింది. పొర కమ్మిన ఏళ్లన్నీ ఆమెకి అద్దం ఉత్త రేకుముక్క. ఆ ఏళ్లలో ఆమె ముఖం ఆమెకి చెప్పకుండానే వాళ్లమ్మ ముఖమైపోయింది. తల్లికి ఫోటో లేదు, చూసినవాళ్లు కూడా ఎవరూ మిగల్లేదు. "అదే నవ్వు. అదే ముక్కు" అంటూ బొటనవేలితో తెర మీద నిమిరింది. తోమా గోడకేసి తిరిగాడు. రవిబాబు చొక్కా చేత్తో కళ్లు తుడుచుకున్నాడు, పొగ అని ఎవరికో చెప్పాడు.

నిమురుతుండగా సవరమ్మ వేలు ఏ మీటకో తగిలింది. బొమ్మ పెద్దదైంది. ఇంకోసారి తగిలితే ఇంకా పెద్దదై, పక్కకి జరిగి, అటక మూల తెర నిండా పరుచుకుంది. సవరమ్మ భృకుటి ముడిపడింది.

"కాదు లేయే గుంటా. నువ్వన్నదే నిజం. ఇది నానే."

"ఎలగ తెలిసింది మామ్మా?"

"మా యమ్మ బతికుండగా అటక మీద ఇంత బూజు పట్టనిచ్చీది కాదు."

మొదట ఎడ్విన్ తల్లి నవ్వింది, తర్వాత ఇల్లంతా నవ్వింది. నిజమే, దూలం నుంచి మసిబూజు తాళ్లు తాళ్లుగా దిగి ఉంది. ఆ గదిలో అంత బూజుందని ఇంతకుముందు చూసిన కన్ను లేదు. చెరిపెయ్యనా అని అడిగాడు రవిబాబు. "నాకు బూజుతోనే కావాల" అంది సుజానా, మామ్మ మెడ చుట్టూ చెయ్యేసి.

నవ్వులు సద్దుమణిగాక పిల్లి ఉన్న ఇంటావిడ ముందుకొచ్చింది. "పొద్దున్న మా ఇల్లు కూడా తీసినావు గదా. ఓపాలి సూపు" అంది. రవిబాబు మురిసిపోతూ పిల్లి మీసాలు చూపించాడు. ఆవిడ మీసాలు చూడలేదు. పిల్లి మీదున్న అటక బూజు చూసి, గబగబా బయటికి వెళ్లిపోయింది. ఇంకో ఆవిడ వచ్చి చూసుకుంది, ఆవిడా వెళ్లిపోయింది. అలా తన కెమెరా పనితనం చూపిస్తున్నకొద్దీ రవిబాబు ముందు జనం పలచబడ్డారు.

మర్నాడు పందిరి మళ్లీ లేచింది, రంగుకాయితాలు, లైట్లు ఎక్కాయి, ఎర్ర బకెట్ల మీద గోనె తీసేశారు. చర్చి గంట మాత్రం రెండుసార్లు కొట్టవలసి వచ్చింది. మొదటిసారి కొట్టినప్పుడు ఊరంతా చీపుళ్లతో అటకల మీద ఉంది.